తలుపక్క

కెజీయా ట్రాంటర్‌కు అబద్ధమాడటం చేతకాదని ఆమె మొగుడు బతికున్న రోజుల్లో తెగ ఆటపట్టించేవాడు. ఏది దాచినా అయిదు నిమిషాల్లో దొరికిపోయేదట. తాపీపని చేస్తూ పరంజా మీంచి పడి పోయాడు గానీ, పదకొండేళ్ళ తరవాత వచ్చి చూసుంటే ఈ మనిషి నా భార్య కాదనేవాడు. లండన్‌లో ఏటికి దక్షిణం వైపు, మింట్ వీధి సందుల్లో, కెజీయా అంత నిబ్బరంగా అబద్ధమాడే ఆడది మరొకతె లేదు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ చెప్పేది, చెప్పి వెళ్ళి తన టీ తాగేది.

అందులో ఆమె గొప్పా లేదు, పాపమూ లేదు. కూర్చునే చోటు అలాంటిది. గామిజమ్మ నడిపే ఆడవాళ్ళ పడకల ఇంట్లో యాభై రెండు మంచాలుండేవి. మంచం రాత్రికి నాలుగు పెన్నీలు. పొద్దున పది కొట్టేసరికి మేడ మీది గదులకు తాళం పడేది, మళ్ళీ దీపాలు పెట్టాకే తీసేవారు. ఈలోగా వాన కురిసినా, మంచు పడినా, ఒళ్ళు పేలిపోతున్నా కింద వంటగదే దిక్కు. నేలలోకి దిగిన గది, పొద్దస్తమానం బొగ్గు మండే పొయ్యి, చుట్టూ బల్లలు. నిప్పు దగ్గరి చోటు కోసం రోజూ కీచులాటే. తలుపు దగ్గరి పీట జోలికి మాత్రం ఎవరూ పోయేవారు కాదు, కింది సందులోంచి వచ్చే చలిగాలికి పిక్కలు కొయ్యబారిపోయేవి. కెజీయా అక్కడ కూర్చునేది. మోకాళ్ళు పోయిన మనిషికి మెట్లు దిగగానే అందే పీట అదొక్కటే.

తలుపు దగ్గరున్న మనిషే వచ్చినవాళ్ళకు జవాబు చెప్పాలి. ఎవరెవరో వచ్చేవారు. తాగి పెళ్ళాన్ని వెతుక్కుంటూ వచ్చే మొగుళ్ళు, పోలీసులు, బాకీల మనుషులు, బైబిలు పట్టుకుని ఆత్మల్ని రక్షించడానికి దిగే దొరసానులు. అందరూ ఒక పేరు అడుగుతారు, అందరికీ ఒకటే జవాబు: ఆ మనిషి ఇక్కడ లేదు, ఎప్పుడూ లేదు. నిజంగా లేకపోయినా అదే మాట, వెనకే పొయ్యి దగ్గర కూర్చుని చేప వేయించుకుంటున్నా అదే మాట. మింట్ సందుల్లోని ప్రతి పడకల ఇంట్లోనూ ఇదే పద్ధతి. తప్పిన మనిషికి ఆ తరవాత ఏ వంటగదిలోనూ నిప్పు దగ్గర చోటు దొరకదు. దీనికి జోడుగా ఇంకొకటి: ఎవరినీ ఏమీ అడగకూడదు. ఏ ఊరు, మొగుడేమయ్యాడు, పిల్లలెందరు, ఇవన్నీ ఎవరికి వాళ్ళు మోసుకోవలసినవి. చెబితే వినాలి, చెప్పకపోతే ఊరుకోవాలి. అందుకే అక్కడ పేర్లు కూడా ఉండవు. కెజీయాని తలుపక్క అనేవారు.

ఆమె ఆ ఇంటికి నాలుగు రాత్రులుందామని వచ్చింది. మొగుడు పోయాక సామాను అమ్మేసింది, గది ఖాళీ చేసింది. ఇద్దరు బిడ్డలు అంతకు ముందే, పాలు తాగే వయసులోనే దక్కకుండా పోయారు. ఏదైనా పని చూసుకుని చిన్న గది ఒకటి తీసుకుందామనుకుంది. పని దొరికింది, గది దొరకలేదు. మెట్లు తోమే పని అది. తెల్లారకముందే బకెట్టు, గుడ్డ, తెల్లరాయి పట్టుకుని బయలుదేరేది. ఉన్నవాళ్ళ ఇళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు కడిగేది, తడి ఆరకముందే రాయితో రుద్ది తెల్లగా మెరిపించేది. తోమి లేచేసరికి పాలవాడు బూటుకాళ్ళతో ఎక్కేవాడు. పదకొండేళ్ళలో ఎన్ని మెట్లు తోమిందో లెక్క లేదు గానీ ఒక్క మెట్టూ ఎక్కి లోపలికి వెళ్ళింది లేదు. శుక్రవారం, శనివారం పని ఎక్కువ. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు ఇరుగుపొరుగులు చూస్తారు గదా, ప్రతి ఇంటి మెట్లూ పాలలా ఉండాలి. ఆ రెండు రోజుల కూలితోనే మిగతా వారమంతా గడిచేది.

రెండో అంతస్తులో ఆమెది ముప్ఫై ఒకటో మంచం. ముప్ఫై రెండు సూదులమ్మది. మెడలో పళ్ళెం తగిలించుకుని వీధివీధీ సూదులు, గుండుసూదులు, జోళ్ళ తాళ్ళు అమ్మే బక్కపలచని మనిషి. చలికాలమంతా దగ్గే. ఆ ఇద్దరి మంచాల మధ్య జానెడు సందు. నాలుగేళ్ళ కిందట ఒక చలికాలం సూదులమ్మకు జ్వరం వచ్చి నోరు తెరిచింది. గామిజమ్మ చూస్తే పేదల ఆసుపత్రికి పంపేస్తుందని కెజీయా పగలంతా వంటగదిలో తన శాలువా కప్పి, బల్ల కింద దాచిన రోజులవి. పంపితే అంతే సంగతులు, అక్కణ్ణించి నడిచి వచ్చినవాళ్ళు తక్కువ.

"నా పేరు రోడా. రోడా పిల్చర్," అంది ఆ జ్వరంలో. "ఎవరైనా ఆ పేరు అడుగుతూ వస్తే లేనని చెప్పవే తలుపక్కా. నీకు పుణ్యముంటుంది. వాడి చేతికి చిక్కితే ఈసారి చంపేస్తాడు."

వాడంటే మొగుడని అడక్కుండానే తెలిసింది. జబ్బ మీద పాత కాలిన మచ్చ కెజీయా చూడనిది కాదు. సరేనని మాటిచ్చింది. అంతకు మించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం, వాన జోరుగా కురుస్తుండగా, ఎవరో తలుపు తట్టారు. కెజీయా గొణుక్కుంటూ లేచి తీసింది. నల్ల కోటు వేసుకున్న పాతికేళ్ళ లోపు పిల్ల, టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇక్కడ రోడా పిల్చర్ అని ఒకావిడ ఉంటుందాండీ?"

"ఏ పేరన్నావమ్మా?"

"రోడా పిల్చర్. మేడ్‌స్టోన్ వైపు మనిషి. యాభై లోపే ఉంటుంది."

"ఆ పేరు నేనెప్పుడూ వినలేదు."

"ఒక్కసారి లోపల అడిగి చూస్తారా?"

"పదకొండేళ్ళుగా ఈ పీట మీదే ఉన్నాను తల్లీ. నాకు తెలియని మనిషి లోపలెక్కడుంటుంది? లేదు. ఎప్పుడూ లేదు."

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఆ పిల్లని లోపలికైనా లాగు తలుపక్కా, తలుపైనా వెయ్యి. నా టీ గడ్డకట్టిపోతోంది."

పిల్ల కదల్లేదు. "నేను బాకీల మనిషిని కాదండీ. పోలీసుల మనిషినీ కాదు."

"నువ్వెవరివైతే నాకేంటమ్మా. లేని మనిషిని ఎక్కణ్ణించి తెచ్చివ్వను? చీకటి పడకముందే ఇంటికెళ్ళు. ఈ సందులు మంచివి కావు."

పిల్ల ఆమె మొహంలోకి తేరిపార చూసింది. కెజీయా కూడా అలాగే చూసింది. "సరేనండీ, మీకు శ్రమిచ్చాను," అని ఆ పిల్ల మెట్లెక్కింది. ఎడమ కాలు కాస్త ఈడుస్తోంది. పైదాకా వెళ్ళే వరకూ చూసి తలుపు వేసింది కెజీయా. రోడా మొగుడు, ఆ ముసలి ముండాకొడుకు, తెలివిమీరాడు, తను వస్తే తన్ని తరుముతామని ఆడపిల్లని పంపాడు అనుకుంది. వంటగదిలో ఒకావిడ చప్పట్లు కొట్టింది. "మన తలుపక్క లేదంటే పొయ్యిలో నిప్పు కూడా లేనట్టే," అంది. అందరూ నవ్వారు. కెజీయాకి కూడా నవ్వొచ్చింది. రోజంతా మోకాళ్ళ మీద పాకే మనిషికి మెచ్చుకోలు ఎక్కడ దొరుకుతుంది? దొరికినప్పుడు పుచ్చుకుంది.

దీపాల వేళకు సూదులమ్మ తడిసి ముద్దై వచ్చింది. కెజీయా టీ కాచి చేతిలో పెట్టి, పక్కకు పిలిచి, గొంతు తగ్గించి సంగతి చెప్పింది. వచ్చిన పిల్ల ఎలా అడిగిందో, తనెలా తిప్పికొట్టిందో, అంతా చెప్పింది. రోడా కప్పు కింద పెట్టింది.

"ఎంత వయసుంటుంది?"

"పాతికలోపు."

"నడక ఎలా ఉంది?"

"ఎడమ కాలు కొంచెం ఈడుస్తోంది. ఏం?"

"మూడేళ్ళప్పుడు ఆ కాలి మీద బండి చక్రం ఎక్కింది," అంది రోడా. "అది నా కూతురే."

కూతురున్న సంగతే కెజీయాకి తెలియదు. రోడా మొగుడి చేతిలో చచ్చేలోగా పారిపోయిందనీ, నాలుగేళ్ళ పిల్లని ఎత్తుకుని పరిగెత్తలేక అత్తగారి దగ్గర వదిలిందనీ, పందొమ్మిదేళ్ళ కిందటి ఆ సంగతి కెజీయా ఆ పూటే విన్నది.

"వానలోనే నిలబడిందా?" అంది రోడా.

"ఆఁ."

"టీ ఇచ్చావా?"

"లేదు."

"నిప్పు దగ్గరికి రమ్మన్నావా?"

"ఎందుకు రమ్మంటానే? నువ్వే కదా లేనని చెప్పమన్నావు?"

"అవును. నేనే చెప్పమన్నాను," అంది రోడా.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. జుట్టు పట్టుకున్నా కెజీయా పట్టుకోనిచ్చేది. రోడా లేచి, తడి శాలువానే మళ్ళీ కప్పుకుని బయటికి నడిచింది. మెట్లు సగం ఎక్కేసరికి దగ్గు పట్టుకుంది. గోడకు ఆనుకుని ఊపిరి ఎగబీలుస్తుంటే కెజీయా వెనకే వెళ్ళి నడుం పట్టుకుని కిందికి దించింది.

"రేపు నేను వెతుకుతాను. నువ్వు నా పీట మీద కూర్చో, మళ్ళీ ఇక్కడికే వస్తుందేమో."

"రేపు శుక్రవారం."

"తెలుసు. నాకు వారాలు రావా ఏంటి?"

మర్నాడు ఎనిమిది ఇళ్ళ మెట్లు ఎలా ఉన్నవి అలాగే ఉండిపోయాయి. అందులో మూడిళ్ళ వాళ్ళు ఆ శనివారమే ఇంకో మనిషిని పెట్టుకున్నారు. ఒక్క శుక్రవారం రాకపోతే పదకొండేళ్ళ మనిషి అక్కర్లేకపోయింది వాళ్ళకి. అది తరవాతి సంగతి. ఆ పొద్దున కెజీయా బకెట్టు లేకుండా బయటికొచ్చింది, చేతులు ఊరికే వేలాడుతుంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పిల్ల ఒక్క గామిజమ్మ ఇంటికే వచ్చి ఉండదు, వరసగా అన్ని పడకల ఇళ్ళూ అడిగి ఉంటుంది. ఎవరో ఒకరు ఎటు వెళ్ళిందో చూసి ఉంటారు. ఆమె ఆలోచన అదీ, అందులో తప్పేమీ లేదు.

మొదటి ఇంటి తలుపు తట్టింది. వంకర పళ్ళ మనిషి ఒకతె తీసింది.

"నిన్న కాలు ఈడుస్తూ ఒక పిల్ల ఇక్కడికొచ్చి ఒక పేరడిగిందా?"

"ఏ పిల్లా రాలేదు."

"నల్ల కోటు. వానలో."

"ఇక్కడికెవరూ రారమ్మా. ఎప్పుడూ రారు."

రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లో తలుపు కూడా పూర్తిగా తీయలేదు. నాలుగో ఇంట్లో అయితే, అసలు నిన్న వాన పడిందా అని ఎదురడిగింది ఒకతె. వింటుంటే కెజీయాకి ఒళ్ళు మండిపోయింది. వచ్చిందని వాళ్ళకి తెలుసు, వాళ్ళకి తెలుసని తనకి తెలుసు. ఆ నిలబడటం, ఆ చూపు, ఆ నిదానం అన్నీ తనవే. పదకొండేళ్ళుగా తన తలుపు దగ్గరికొచ్చిన వాళ్ళకి తను ఇలాగే కనబడి ఉంటుందని ఆమెకి మొదటిసారి తట్టింది. అంత మందిలో ఎందరు మొగుళ్ళో, ఎందరు కూతుళ్ళో. ఆ లెక్క తీసే ధైర్యం లేక నడక మొదలుపెట్టింది.

మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఏడో ఇంటి గుమ్మంలో చుట్టగొట్టం నోట్లో పెట్టుకుని బ్రిజెట్ అనే లావుపాటి ఐరిష్ మనిషి కూర్చునుంది. మొహం తెలిసినదే, మాటలు మాత్రం ఎన్నడూ లేవు.

"ఎవరూ రాలేదు," అంది బ్రిజెట్, అడక్కముందే.

కెజీయా గుమ్మం మీద కూలబడింది. మోకాళ్ళు ఇక నడవలేమన్నాయి. "నా పేరు కెజీయా ట్రాంటర్," అంది. "గామిజమ్మ ఇంట్లో ముప్ఫై ఒకటో మంచం. నిన్న ఆ పిల్ల వాళ్ళమ్మ కోసం వచ్చింది. వాళ్ళమ్మ నా పక్క మంచమే. నేను లేదని చెప్పి పంపేశాను."

బ్రిజెట్ గొట్టం నోట్లోంచి తీసింది. "నీ పేరు నేనడిగానా? ఎందుకు చెప్పావే నాకు?"

"ఇంకేం చెయ్యాలో తెలీక."

బ్రిజెట్ సందు రెండు వైపులా చూసింది. "వచ్చింది," అంది మెల్లగా. "నిన్నా వచ్చింది, పొద్దున్నా వచ్చింది. నిన్న రాత్రి ఏ సిగ్గుమాలిన ముండో, మీ అమ్మ నాకు తెలుసు, షిల్లింగివ్వు తీసుకొస్తానని చెప్పి పుచ్చుకుని ఉడాయించిందట. పిల్ల దీపస్తంభం కింద పన్నెండు దాకా నిలబడిందట పాపం. మూడు నలభై బండికి వెళ్ళిపోతానంది. లండన్ బ్రిడ్జి స్టేషను. లేస్తావా, చెయ్యివ్వనా?"

సెయింట్ జార్జి గుడి గడియారం మూడు కొడుతోంది. ఇంటికి వెళ్ళి రోడాని తీసుకుని రావాలంటే ఆమె మూడు అడుగులకొకసారి ఆగుతుంది, ఇద్దరూ అందుకోలేరు. కెజీయా నేరుగా పెద్ద వీధి ఎక్కింది. బీరులో వేసే హాప్ పూల బస్తాల బండ్ల మధ్య నుంచి, గుర్రాల మూతుల కింద నుంచి, జనాన్ని తోసుకుంటూ నడిచింది. దారిలో ఒక దొరగారి కాలు తొక్కితే ఆయన కర్రెత్తాడు. ఆమె ఆగితే కదా కొట్టడానికి.

పిల్ల మూడో తరగతి బండి ఆగే చోట బెంచీ మీద కూర్చునుంది. ఒళ్ళో కాగితం పొట్లం. గడియారంలో మూడు ఇరవై తొమ్మిది.

"ఉందమ్మా," అంది కెజీయా రొప్పుతూ. "మీ అమ్మ ఉంది."

పిల్ల తలెత్తింది. "మీరు నిన్నటి ఆవిడ కదూ?"

"అవును."

"లేదన్నారు. ఎప్పుడూ లేదన్నారు."

"అబద్ధం చెప్పాను తల్లీ."

"ఇవాళ చెప్పేది నిజమా? మీకు కూడా షిల్లింగు కావాలా? టిక్కెట్టు తప్ప నా దగ్గరింకేం లేదు, వెతుక్కోండి."

"నాకేమీ వద్దు. లే, నాతో రా."

"అక్కడికి వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుందండీ? బండి పదకొండు నిమిషాల్లో ఉంది."

"ఈ బండి పోతే ఇంకోటి ఉంటుంది."

"ఉంటుంది. దొరల భోజనం ఎనిమిదింటికి. వంట చేసేది నేను. వచ్చే వారం వాళ్ళు ఎడింబరోకి మకాం మారుస్తున్నారు, తీసుకెళ్ళాలా వద్దా అని ఇప్పటికే నసుగుతున్నారు. రెండు రోజులు సెలవిచ్చిందే గొప్ప. ఇవాళ ఆలస్యమైతే, మంచి మనిషని రాసిచ్చే చీటీ కూడా లేకుండా గెంటేస్తారు. అప్పుడు నేనెక్కడికి రావాలో మీకు తెలుసా? మీ ఇంటికే."

అందులో ఒక్క ముక్క కూడా కాదనడానికి లేదు. అలా గెంటేసిన వంటమనుషులు గామిజమ్మ ఇంట్లోనే నలుగురున్నారు.

"మీ నాన్న పంపాడనుకున్నానమ్మా," అంది కెజీయా. "అందుకే లేదన్నాను."

"మా నాన్న పోయి ఆరేళ్ళయింది. అమ్మ చచ్చిపోయిందనే చెప్పి పెంచింది నాన్నమ్మ. పోయిన నెల తను పోతూ చెప్పింది, చావలేదు, లండన్‌లో మింట్ వైపు చూశారు ఎవరో అని." పిల్ల ఒళ్ళోని పొట్లం సర్దుకుంది. "మిగతా ఇళ్ళన్నీ ఇవాళ మళ్ళీ అడిగాను. వాళ్ళు అబద్ధమాడుతున్నారేమో అనిపించింది. మీరు అంత గట్టిగా చెప్పారు గదా, మీ ఇంటికి మాత్రం మళ్ళీ రాలేదు."

ఆరేళ్ళు. రోడా జ్వరంలో వణుకుతూ మాట తీసుకున్న నాటికే ఆ మనిషి పోయి రెండేళ్ళు. లేనివాడికి భయపడి ఒకతె దాక్కుంది, లేనివాడికి ఎదురుగా ఇంకొకతె కాపలా కాసింది.

"మా అమ్మే అయితే, నా పేరేమిటో చెప్పండి," అంది పిల్ల.

"తెలీదు."

"మా నాన్నమ్మ పేరు?"

"తెలీదు."

"నాలుగు రోజుల పరిచయమా మీది?"

"నాలుగేళ్ళు. పక్కపక్క మంచాలు."

"నాలుగేళ్ళు పక్కన పడుకుని కూతురి పేరు అడగలేదా?"

"మేము అడగం అమ్మా," అంది కెజీయా. ఆ మాట ఆమె చెవులకే ఏదోలా వినబడింది. తెలిసినవి గబగబా చెప్పడం మొదలుపెట్టింది. గోడ వైపు తిరిగి, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని పడుకుంటుంది. తడిసిన జోళ్ళలో కాగితం ఉండలు కుక్కితే గానీ నిద్రపోదు. చేప తింటే ముళ్ళన్నీ కంచం అంచున వరసగా పేరుస్తుంది. రాత్రి దగ్గు వస్తే ఎవరూ అడక్కపోయినా క్షమించండి అంటుంది, నిద్రలో కూడా అంటుంది. జబ్బ మీద కాలిన మచ్చ ఉంది.

పిల్ల ప్రతి మాటా వింది. వింటూ వింటూ కళ్ళ నిండా నీళ్ళు నింపుకుంది, అయినా తల అడ్డంగా ఊపింది. "నాకేమీ గుర్తు లేదండీ. నాకప్పుడు నాలుగేళ్ళు. మీరు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. ఎవరి గురించి చెబుతున్నారో నాకెలా తెలుస్తుంది?"

బండి వచ్చి నిలబడింది. జనం ఎక్కుతున్నారు. పిల్ల లేచి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి పొట్లం కెజీయా చేతిలో పెట్టింది.

"షాజీరా కేకు. దారిలో తిందామని నేనే చేసుకున్నాను. మీరు చెప్పింది అబద్ధమైతే మీరే తినండి, ఇంత దూరం పరిగెత్తినందుకు. నిజమైతే ఆవిడకివ్వండి."

కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తూనే ఉంది, బండి వంతెన మలుపు తిరిగేదాకా. కెజీయా చెయ్యెత్తింది. పిల్ల ఎత్తిందో లేదో పొగలో కనబడలేదు.

తిరిగి వచ్చే దారంతా కెజీయా ఒక అబద్ధం అల్లుకుంది. నేను వెళ్ళేసరికి బండి వెళ్ళిపోయింది, కేకు స్టేషనులో ఎవరో దొరసాని ఇచ్చింది. రోడాకి అదే మంచిదనుకుంది. తీరా మెట్లు దిగేసరికి, తలుపు దగ్గరి పీట మీద, ఆ గాలిలో, పొద్దుటి నుంచి కదలకుండా కూర్చున్న మనిషి మొహమెత్తి చూసింది. కెజీయా పొట్లం ఆమె ఒళ్ళో పెట్టి, నేల మీదే కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. మొగుడు పోయిన సంగతి చెప్పింది. అన్ని ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళి తమ ఇంటికి మాత్రం ఎందుకు రాలేదో అది కూడా చెప్పింది.

"జోళ్ళు బాగున్నాయా దానికి?" అంది రోడా.

"బాగున్నాయి. కొత్త అట్టలు వేయించుకుంది."

"ఒంట్లో?"

"దిట్టంగానే ఉంది. వంటమనిషి గదా."

"ఫీబీ అనే పిలుస్తున్నారా? అత్తకి ఆ పేరంటే గిట్టేది కాదు, మార్చేస్తానంది."

"అడగలేదు."

"ఎడింబరోలో ఏ వీధి?"

కెజీయా తల అడ్డంగా ఊపింది.

"ఏ దొరలు? ఇంటిపేరేంటి? ఇప్పుడుండే ఇల్లెక్కడ? వచ్చే వారం దాకా అక్కడే ఉంటారన్నావు గదా, ఎవరి చేతనైనా ఉత్తరం రాయిద్దాం."

"అడగలేదు రోడా." ఆ పేరుతో పిలవడం ఆమెకి అదే మొదటిసారి. "పదకొండు నిమిషాలున్నాం. ఒక్కటి కూడా అడగలేదు. నాకు తట్టలేదు."

వంటగదిలో అందరూ విన్నారు. రోడా పొట్లం విప్పింది. అరచేతి మందాన రెండు ముక్కలు, అంచులు కొద్దిగా నలిగాయి. తినడం మొదలుపెట్టింది. ఆ ఇద్దరూ నాలుగేళ్ళుగా ఒక్క హెర్రింగ్ చేప దొరికినా అడ్డంగా కోసుకుని పంచుకున్నవాళ్ళు, ఉడికిన గుడ్డుని దారంతో రెండు చేసుకున్నవాళ్ళు. కెజీయా పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. రోడా నిదానంగా నమిలి మొదటి ముక్క తిన్నది, దగ్గొస్తే ఆగింది, రెండోది తిన్నది. కాగితం మీద రాలిన పొడి వేలితో అద్దుకుని నాకింది. కాగితం నాలుగు మడతలు పెట్టి రవిక లోపల దాచుకుంది. ఒక్క పలుకు కూడా పక్కకు జరపలేదు. కెజీయాకి అది తప్పనిపించలేదు.